గుండె వైఫల్యం: ముప్పును పసిగట్టే రక్త సూచికలు

ఆయాసంతో క్యాజువాలిటీకి వచ్చిన మనిషికి ఆ ఆయాసం గుండె వల్లనా, ఊపిరితిత్తుల వల్లనా అన్నది తేల్చడం అనుభవమున్న డాక్టర్లకూ ఒక్కోసారి కష్టమే. గుండె వల్లనే అని తేలాక రెండో ప్రశ్న ఎదురవుతుంది. ఈ రోగి నాలుగు రోజుల్లో కోలుకుని ఇంటికి వెళ్తాడా, ఐసీయూకి మార్చాల్సి వస్తుందా, ఇంటికి వెళ్లినా నెల తిరక్కుండా మళ్లీ ఇదే మంచం మీదికి వస్తాడా? ఈ రెండు ప్రశ్నలకూ ఒక గొట్టం రక్తంలో జవాబు వెతికేందుకు నలభై ఏళ్లకు పైగా పరిశోధన నడుస్తోంది. అలా కొలిచే పదార్థాలనే జీవ సూచికలు లేదా బయోమార్కర్లు అంటారు.

గుండె వైఫల్యం అంటే గుండె ఆగిపోవడం కాదు, గుండెపోటూ కాదు. ఒంటికి కావలసినంత రక్తాన్ని గుండె పంపలేకపోవడం, లేదా పంపడానికి లోపలి ఒత్తిడి బాగా పెంచుకోవాల్సి రావడం. దానివల్ల ఊపిరితిత్తుల్లో, కాళ్లలో, పొట్టలో నీరు చేరుతుంది. పడుకుంటే ఊపిరి ఆడదు. రెండు మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే తప్ప నిద్ర పట్టదు. పాత గుండెపోటు, బీపీ, కవాటాల జబ్బు, మితిమీరిన మద్యం, కొన్ని వైరస్‌లు, ప్రసవం ముందూ వెనుకా వచ్చే గుండె కండర బలహీనత ఇలా కారణాలు చాలా ఉన్నాయి. కారణం ఏదైనా గుండె గోడలు సాగుతాయి. రక్త సూచికల కథ ఆ సాగిన గోడల దగ్గరే మొదలైంది.

గుండె ఒక గ్రంథి కూడా

1956లో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, రెండు పరిశోధనలు వెలువడ్డాయి. హెన్రీ, గావర్, రీవ్స్ అనే శాస్త్రవేత్తలు కుక్కల గుండెలోని ఎడమ కర్ణికలో చిన్న బెలూన్‌ను ఉబ్బించి చూశారు. వెంటనే మూత్రం ఎక్కువైంది. అదే ఏడాది బ్రూనో కిష్ గినీ పందుల కర్ణిక కణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరిశీలించి, వాటిలో నల్లటి రేణువులున్నాయని రాశాడు. అలాంటి రేణువులు హార్మోన్లు తయారుచేసే గ్రంథుల్లో ఉంటాయి. రక్తాన్ని తోయడమే పనిగా పెట్టుకున్న కండరంలో వాటికేం పని? 1964లో జేమీసన్, పలాడే వాటిని మరింత వివరంగా వర్ణించినా ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

జవాబు కెనడాలోని కింగ్‌స్టన్‌లో దొరికింది. అర్జెంటీనాలో పుట్టి అక్కడ స్థిరపడిన అడోల్ఫో డి బోల్డ్ ఎలుకల కర్ణికలను నూరి, ఆ సారాన్ని వేరే ఎలుకలకు ఎక్కించాడు. వాటి మూత్రంలో సోడియం ముప్పై రెట్లకు పైగా, మూత్రం పరిమాణం దాదాపు పది రెట్లు పెరిగాయి. 1981లో ఈ ఫలితం అచ్చయింది. గుండె తన మీద ఒత్తిడి పెరిగినప్పుడు ఉప్పునూ నీటినీ బయటికి పంపమని మూత్రపిండాలకు స్వయంగా కబురు పంపుతుందని అప్పుడు తెలిసింది. ఆ కబురు మోసే పదార్థం పేరు ఏఎన్‌పీ.

1988లో జపాన్ శాస్త్రవేత్తలు సుదో, కంగావా, మత్సువో బృందం పంది మెదడులో ఇదే కుటుంబానికి చెందిన మరో పెప్టైడ్‌ను కనుగొంది. మెదడులో దొరికింది కాబట్టి బ్రెయిన్ నేట్రియూరెటిక్ పెప్టైడ్ అని పేరు పెట్టారు, పొట్టిగా బీఎన్‌పీ. మనిషిలో దాన్ని ఎక్కువగా తయారుచేసేది గుండెలోని జఠరికలేనని తర్వాత తేలింది. పేరు మాత్రం మారలేదు.

జఠరిక గోడ సాగినప్పుడు కండర కణం మొదట 108 అమైనో ఆమ్లాల పొడవున్న ప్రోబీఎన్‌పీని తయారుచేస్తుంది. కోరిన్, ఫ్యూరిన్ అనే ఎంజైములు దాన్ని రెండు ముక్కలు చేస్తాయి. 32 అమైనో ఆమ్లాల ముక్క బీఎన్‌పీ. పని చేసేది అదే. రక్తనాళాలను సడలిస్తుంది, ఉప్పును బయటికి పంపిస్తుంది. మిగిలిన 76 అమైనో ఆమ్లాల ముక్క ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ. దానికి చెప్పుకోదగ్గ పనేమీ లేదు. అయితే పరీక్షకు ఆ పనిలేని ముక్కే ఎక్కువ అనువుగా ఉంటుంది. బీఎన్‌పీ రక్తంలో ఇరవై నిమిషాల్లో సగానికి తగ్గిపోతుంది. ఎన్‌టీ ప్రోబీఎన్‌పీకి గంట నుంచి రెండు గంటలు పడుతుంది.

ఈ తేడా ల్యాబ్‌లో రోజూ కనిపిస్తుంది. బీఎన్‌పీ కోసమైతే రక్తాన్ని ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలోకే తీయాలి. గాజు పనికిరాదు, ప్లాస్టిక్ గొట్టమే కావాలి. మామూలు గది వేడిలో ఎక్కువసేపు ఉంచితే పెప్టైడ్ విరిగిపోయి అంకె తక్కువగా వస్తుంది. ఊళ్లోని కలెక్షన్ సెంటర్‌లో తీసిన నమూనా బండి మీద నగరానికి చేరేలోపే ఆ పని జరిగిపోవచ్చు. ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అంత నాజూకు కాదు, సీరమ్‌లోనూ ప్లాస్మాలోనూ నిలకడగా ఉంటుంది. కొలిచేది పీకోగ్రాముల్లో. పీకోగ్రామ్ అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు.

ఆయాసానికి అసలు కారణం

1994లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో ఆయాసంతో చేరిన 52 మంది రోగులకు బీఎన్‌పీ కొలిచి చూశారు. గుండె వైఫల్యం ఉన్నవాళ్లను ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ల నుంచి ఆ అంకె బాగానే వేరు చేసింది. అధ్యయనం చిన్నదే అయినా దారి చూపింది. 2000 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ మంచం పక్కనే పావుగంటలో చేసే బీఎన్‌పీ పరీక్షకు అనుమతిచ్చింది.

ఆ తర్వాత 2002లో వచ్చిన అధ్యయనం వైద్యుల అలవాట్లనే మార్చింది. అలన్ మైజెల్ నాయకత్వంలో అమెరికా, ఫ్రాన్స్, నార్వేల్లోని ఏడు ఆసుపత్రుల్లో 1,586 మందిని పరీక్షించారు. దానికి వాళ్లు పెట్టిన పేరు బ్రీతింగ్ నాట్ ప్రాపర్లీ. పొడి అక్షరాలు కలిపితే మళ్లీ బీఎన్‌పీయే వస్తుంది. హృద్రోగ అధ్యయనాలకు ఇలాంటి పేర్లు పెట్టడం ఒక వేడుక. బీఎన్‌పీ మిల్లీలీటరుకు 100 పీకోగ్రాములు దాటితే గుండె వైఫల్యం అనుకోవాలని వాళ్లు గీత గీశారు. ఆ గీత గుండె వైఫల్యం ఉన్నవాళ్లలో 90 శాతం మందిని పట్టుకుంది, లేనివాళ్లలో 76 శాతం మందిని సరిగ్గా వదిలేసింది.

ఎన్‌టీ ప్రోబీఎన్‌పీకి ఒక గీత చాలదు, ఎందుకంటే అది వయసుతో బాటు పెరుగుతుంది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి చెందిన జేమ్స్ జనూజీ బృందమూ, వేరే దేశాల బృందాలూ తమ వివరాలు కలిపి 2006లో మూడు గీతలు సూచించాయి: 50 ఏళ్ల లోపు వారికి 450, 50 నుంచి 75 ఏళ్ల వరకు 900, ఆపైన 1,800. ఏ వయసువారికైనా 300 కంటే తక్కువ వస్తే హఠాత్తుగా ముదిరిన గుండె వైఫల్యం కాదని దాదాపు ధీమాగా చెప్పవచ్చు. ఈ పరీక్ష అసలు బలం అక్కడే ఉంది. జబ్బు ఉందని నిరూపించడం కంటే లేదని తేల్చడంలో అది గట్టిది. రిపోర్టులో 1,200 అని చూసి బెంబేలెత్తే కుటుంబాలు ఎన్నో ఉంటాయి కానీ, 180 అని చూసి ‘అయితే గుండె కాదన్నమాట, ఇంకెక్కడో వెతకండి’ అని అడిగేవాళ్లు అరుదు.

అంకె తప్పుదారి పట్టించే చోట్లు

గుండె వైఫల్యం లేకపోయినా ఈ పెప్టైడ్లు పెరుగుతాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో, కర్ణికలు లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో, ఊపిరితిత్తుల నాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకిన సెప్సిస్‌లో అంకె పైకే ఉంటుంది. డయాలసిస్ మీదున్న రోగికి వేలల్లో రావడం మామూలే. అతని విషయంలో పట్టికలోని గీతలు పక్కన పెట్టి, పోయిన నెల ఎంత ఉందో దాంతోనే పోల్చుకోవాలి.

తగ్గించి చూపే సందర్భాలు ఇంకా ప్రమాదకరం. స్థూలకాయుల్లో బీఎన్‌పీ తక్కువగా వస్తుంది. శరీర బరువు సూచీ 35 దాటినవారికి 100 బదులు 54నే గీతగా పెట్టుకోవాలని మైజెల్ బృందం తర్వాత సూచించింది. బీపీ ఒక్కసారిగా పెరిగి నిమిషాల్లో ఊపిరితిత్తుల్లో నీరు నిండిపోయినవారిలో తొలి గంటలో అంకె ఇంకా పెరిగి ఉండకపోవచ్చు. గుండె చుట్టూ ఉండే పొర గట్టిపడి బిగిసిపోతే గోడ సాగడానికే వీలుండదు, కాబట్టి జబ్బు ముదిరినా బీఎన్‌పీ పెద్దగా పెరగదు. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం ఇరుకైపోయినవారిలో అడ్డంకి ఎడమ జఠరికకు ఎగువన ఉంటుంది. అక్కడ కూడా ఆయాసం తీవ్రతకు తగినంతగా అంకె లేకపోవచ్చు. రుమాటిక్ గుండె జబ్బు ఇంకా పూర్తిగా పోని మన దేశంలో ఈ సంగతి గుర్తుపెట్టుకోదగ్గది.

మందులూ తికమక పెడతాయి. శరీరంలో బీఎన్‌పీని విరగ్గొట్టే ఎంజైముల్లో నెప్రిలైసిన్ ఒకటి. దాన్ని అడ్డుకునే సాక్యుబిట్రిల్, వాల్సార్టాన్ కలిసిన మాత్ర 2014లో పారడైమ్ హెచ్‌ఎఫ్ అధ్యయనంలో పాత మందు ఎనలాప్రిల్ కంటే మెరుగని తేలింది. ఆ మాత్ర వేసుకునేవారికి బీఎన్‌పీ పెరిగిందంటే జబ్బు ముదిరిందా, మందు పనిచేస్తోందా చెప్పలేం. ఎన్‌టీ ప్రోబీఎన్‌పీని నెప్రిలైసిన్ ముట్టుకోదు, కాబట్టి వారికి ఆ పరీక్షే చేయించాలి.

బీఎన్‌పీనే మందుగా ఎక్కించి చూద్దామన్న ఆలోచనా వచ్చింది. నెసిరిటైడ్ పేరుతో 2001లో అమెరికాలో అనుమతి పొంది విరివిగా అమ్ముడుపోయింది. పదేళ్లకు, ఏడు వేలకు పైగా రోగుల మీద జరిగిన అసెండ్ హెచ్‌ఎఫ్ అధ్యయనంలో దానివల్ల మరణాలు గానీ మళ్లీ ఆసుపత్రి పాలవడం గానీ తగ్గలేదని తేలింది. ముప్పును చక్కగా చూపే పదార్థం చికిత్సగా కూడా పనికొస్తుందన్న నమ్మకం అక్కడ వీగిపోయింది.

మరణపు ముప్పును లెక్కగట్టడం

జబ్బు ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న. ప్రాణానికి ముప్పెంత అన్నది వేరే ప్రశ్న. దీనికి మొదటి పెద్ద జవాబు అమెరికాలోని అడ్హియర్ అనే రిజిస్ట్రీ నుంచి వచ్చింది. గ్రెగ్ ఫొనరో బృందం అరవై అయిదు వేలకు పైగా ఆసుపత్రి కేసులను తిరగేసి, చేరిన రోజున నమోదైన 39 అంశాల్లో ఆసుపత్రిలోనే చనిపోవడాన్ని ముందుగా సూచించేవి ఏవో వెతికింది. 2005లో వెలువడిన ఫలితంలో నిలిచినవి మూడే: రక్తంలో యూరియా నైట్రోజన్, పై బీపీ, క్రియాటినిన్. యూరియా నైట్రోజన్ డెసిలీటరుకు 43 మిల్లీగ్రాముల కంటే తక్కువగా, పై బీపీ 115 లేదా అంతకు ఎక్కువగా ఉన్నవారిలో ఆసుపత్రి మరణాలు సుమారు 2 శాతం. యూరియా నైట్రోజన్ 43 లేదా ఆపైన, బీపీ 115 లోపు, క్రియాటినిన్ 2.75 లేదా ఆపైన మూడూ కలిసినవారిలో దాదాపు 22 శాతం. పదింతలకు పైగా తేడా!

మన ల్యాబ్ రిపోర్టులో ఉండేది సాధారణంగా బ్లడ్ యూరియా, యూరియా నైట్రోజన్ కాదు. మొదటిది రెండోదానికి 2.14 రెట్లు. అంటే ఆ 43 మన కాగితం మీద సుమారు 92 అవుతుంది. అమెరికా గీతను యథాతథంగా తెచ్చి మన రిపోర్టు మీద పెడితే యూరియా 45 ఉన్న మనిషిని కూడా ప్రమాదంలో ఉన్నట్టు లెక్కేయాల్సి వస్తుంది.

గుండె జబ్బులో యూరియా ఎందుకు అంత ముఖ్యమైంది? గుండె సరిగ్గా పంప్ చేయకపోతే శరీరం రక్తం తగ్గిందని భ్రమపడి వాసోప్రెసిన్, యాంజియోటెన్సిన్, అడ్రినలిన్ జాతి హార్మోన్లను విడుదల చేస్తుంది. వాటి ప్రభావంతో మూత్రపిండాలు నీటితో పాటు యూరియాను కూడా వెనక్కి పీల్చుకుంటాయి. కాబట్టి యూరియా పెరగడం మూత్రపిండం పాడైందనడానికే కాక, ఈ హార్మోన్ల తుఫాను ఎంత తీవ్రంగా ఉందో చెప్పడానికీ గుర్తు. సోడియం 135 లోపుకు పడిపోవడం వెనుకా ఉన్నది అదే వాసోప్రెసిన్. నీరు ఎక్కువగా నిలిచి ఉప్పు పలచబడుతుంది. 2003లో కెనడాలోని ఒంటారియోలో తయారైన ఎఫెక్ట్ నమూనాలోనూ, తర్వాత అమెరికాలో వచ్చిన గెట్ విత్ ద గైడ్‌లైన్స్ స్కోరులోనూ యూరియా, సోడియం రెండూ ఉన్నాయి.

బీఎన్‌పీ కూడా మరణాన్ని సూచిస్తుంది. అడ్హియర్ రోగులను చేరినప్పటి బీఎన్‌పీ ప్రకారం నాలుగు భాగాలు చేస్తే అట్టడుగు భాగంలో 1.9 శాతం, పై భాగంలో 6 శాతం ఆసుపత్రిలోనే చనిపోయారు. గుండె కండరం దెబ్బతిన్నదని చెప్పే ట్రోపోనిన్‌ది మరో దారి. గుండెపోటు నిర్ధారణకు వాడే పరీక్షే ఇది. అయితే గుండెపోటు లేని వైఫల్యంలోనూ సాగిన గోడల్లో సన్ననాళాలకు రక్తం అందక కొన్ని కణాలు చనిపోతుంటాయి. 2008లో వచ్చిన విశ్లేషణలో 67,924 మందిలో ట్రోపోనిన్ పాజిటివ్ వచ్చింది 6.2 శాతం మందికే. వాళ్లలో ఆసుపత్రి మరణాలు 8 శాతం, మిగిలినవారిలో 2.7 శాతం. అప్పటి పరీక్షలు మోటువి. ఇప్పటి హై సెన్సిటివిటీ పరీక్షలతో చూస్తే ముదిరిన గుండె వైఫల్యంతో చేరేవారిలో చాలామందికి ఎంతో కొంత ట్రోపోనిన్ కనబడుతుంది.

ఈ శాతాలను చదవడంలో ఒక చిక్కుంది. 22 శాతం అంటే అత్యంత ప్రమాదకర వర్గంలోనూ ప్రతి వందమందిలో 78 మంది ఇంటికి వెళ్లారన్నమాట. సూచిక గుంపు గురించి చెప్తుంది, ఎదుటి మంచం మీది మనిషి ఆ 22లోనో, 78లోనో చెప్పదు. దాని ఉపయోగమల్లా ఎవరిని ఐసీయూలో ఉంచాలి, ఎవరిని వార్డుకు పంపవచ్చు, ఎవరి ఇంటివాళ్లతో ముందుగా కూర్చుని మాట్లాడాలి అన్న నిర్ణయాల్లోనే.

ఒక్క అంకెకన్నా అంకె కదలికే ఎక్కువ చెప్తుంది. భద్రాచలం దగ్గర గోదావరి 48 అడుగులుందంటే అది రెండో ప్రమాద హెచ్చరిక. కానీ లంక గ్రామాలవాళ్లు అడిగేది, పెరుగుతోందా తగ్గుతోందా అని. పోర్చుగల్‌లోని పోర్తోలో 182 మంది మీద జరిగి 2004లో వెలువడిన అధ్యయనం ఇదే చెప్పింది. ఆసుపత్రిలో ఉండగా ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ కనీసం 30 శాతం తగ్గినవారు తర్వాతి నెలల్లో మెరుగ్గా ఉన్నారు. ఏ మాత్రం మారనివారికి ముప్పు ఎక్కువ, పెరిగినవారికి ఇంకా ఎక్కువ. కాళ్ల వాపు తీసింది, ఆయాసం తగ్గింది, రోగి ఇంటికెళ్తానని తొందరపడుతున్నాడు. అయినా డిశ్చార్జి రోజున అంకె చేరిన రోజు ఉన్నచోటే ఉంటే నీరు పూర్తిగా లాగలేదనో, గుండె ఇంకా ఇబ్బంది పడుతోందనో అనుమానించాలి.

కొత్తవి, పాతవి

సాగిన గోడ, చనిపోయిన కణం తర్వాత పరిశోధకుల చూపు గుండెలో పేరుకునే మచ్చ కణజాలం మీద, వాపు మీద పడింది. ఎస్‌టీ2 అనే ప్రోటీన్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 1989లో గుర్తించారు. సాగదీసిన గుండె కణాలు దాన్ని విడుదల చేస్తాయని 2002లో బోస్టన్‌లో రిచర్డ్ లీ బృందం చూపింది. గుండెను కాపాడే ఇంటర్‌ల్యూకిన్ 33ను ఇది మధ్యలోనే పట్టేసి పని చేయనివ్వదు. రక్తంలో మిల్లీలీటరుకు 35 నానోగ్రాములు దాటితే ముప్పు ఎక్కువ. మూత్రపిండాల జబ్బు, స్థూలకాయం దీన్ని బీఎన్‌పీ అంతగా తికమక పెట్టవు. కానీ న్యుమోనియాలోనూ పెరుగుతుంది కాబట్టి ఆయాసానికి కారణం తేల్చడానికి పనికిరాదు, ముప్పు అంచనాకే. గలెక్టిన్ 3 మచ్చ కణజాలానికి సంబంధించింది. దాని గీత 17.8 నానోగ్రాములు. మొదట్లో ఎంతో ఆశ పెట్టుకున్నా, మూత్రపిండాల పనితీరును లెక్కలోకి తీసుకుంటే దాని విలువ చాలావరకు తగ్గిపోతుంది. బార్సిలోనా బృందం ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ, ట్రోపోనిన్, ఎస్‌టీ2 మూడింటినీ కలిపి బీసీఎన్ బయో హెచ్‌ఎఫ్ అనే ముప్పు లెక్కింపు సాధనాన్ని తయారుచేసింది.

వీటన్నిటికంటే ఆసక్తికరమైనది సీఏ 125. అండాశయ క్యాన్సర్ వెంబడి చూసుకోవడానికి వాడే పరీక్ష అది. గుండె వైఫల్యంలో ఊపిరితిత్తుల పొరల మధ్య, పొట్టలో నీరు చేరితే ఆ పొరల కణాలు దీన్ని విడుదల చేస్తాయి. స్పెయిన్ వైద్యులు దీన్ని ఒంట్లో ఎంత నీరు మిగిలిందో చూసే కొలబద్దగా వాడుతూ నీరు లాగే మందు మోతాదు సర్దుతున్నారు. ఈ సంగతి తెలియక, ఆయాసంతో చేరిన స్త్రీకి సీఏ 125 ఎక్కువ వచ్చిందని క్యాన్సర్ కోసం స్కానింగుల చుట్టూ తిప్పితే ఆ కుటుంబం పడే హైరానా ఊహించుకోవచ్చు.

పాత రిపోర్టుల్లోనూ ఎవరూ చదవని వరుసలు ఉంటాయి. సీబీపీలో హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు చూసి కాగితం మడిచేస్తాం. కొంచెం కిందే ఆర్‌డీడబ్ల్యూ అని ఒక అంకె ఉంటుంది. ఎర్ర రక్తకణాల పరిమాణాల్లో తేడా ఎంతుందో అది చెప్తుంది. 2007లో చార్మ్ అధ్యయనంలోని గుండె వైఫల్య రోగుల రక్త పరీక్షలను తిరగేసినప్పుడు మరణాన్నీ మళ్లీ ఆసుపత్రి పాలవడాన్నీ సూచించడంలో అది అందరూ ఊహించినదానికంటే ముందు వరుసలో నిలిచింది. డ్యూక్ విశ్వవిద్యాలయం దగ్గరున్న వేరే రోగుల వివరాల్లోనూ అదే తేలింది. ఐరన్ లోపం, వాపు, పోషకాహార లోపం అన్నీ ఆ ఒక్క అంకెలో కలిసిపోతాయి కాబట్టి కావచ్చు. దానికి వేరే ఖర్చు లేదు, సీబీపీ యంత్రమే అచ్చు వేసి ఇస్తుంది.

ఐరన్‌ది ఇంకో ప్రత్యేకత. ఫెరిటిన్ 100 లోపు ఉన్నా, లేదా 100 నుంచి 299 మధ్య ఉండి ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 20 శాతం లోపున్నా గుండె వైఫల్య రోగికి ఐరన్ లోపం ఉన్నట్టే లెక్క. మామూలు మనుషులకు వాడే గీత కంటే ఇది చాలా ఎత్తులో ఉంది. ఈ సూచికకు చికిత్స కూడా ఉంది. ఆసుపత్రిలో చేరిన 1,132 మందిలో సగం మందికి నరంలోకి ఐరన్ ఎక్కించి చూసిన అఫర్మ్ ఏహెచ్‌ఎఫ్ అధ్యయనంలో మళ్లీ ఆసుపత్రికి రావడం తగ్గింది, మరణాలు తగ్గినట్టు మాత్రం తేలలేదు.

గుండె వార్డు బయట

ఈ సూచికల పని గుండె జబ్బుల వార్డుకే పరిమితం కాదు. తుంటి ఎముక విరిగో, పేగు ఆపరేషన్‌కో చేరినవారిలో ఏం జరుగుతుందో విజన్ అనే అంతర్జాతీయ అధ్యయనం చూసింది. 45 ఏళ్లు నిండిన 15,133 మందికి ఆపరేషన్ తర్వాత మొదటి మూడు రోజులు ట్రోపోనిన్ టీ కొలిచారు. అది కనబడనివారిలో 30 రోజుల్లోపు చనిపోయింది 1 శాతం, అంకె బాగా పెరిగినవారిలో దాదాపు 17 శాతం. ఇలా గుండె దెబ్బతిన్నవారిలో ఎక్కువమందికి గుండెనొప్పి లాంటి లక్షణమే లేదు. నొప్పి మందుల మత్తులో ఉన్న మనిషి ఏం చెప్తాడు? అదే బృందం 2020లో పది వేల మందికి పైగా రోగుల్లో ఆపరేషన్‌కు ముందే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ చూసింది. 100 లోపున్నవారిలో గుండె దెబ్బ లేదా గుండె, రక్తనాళాల కారణంగా మరణం 5 శాతం, 1,500 దాటినవారిలో 37 శాతానికి పైగా.

కోవిడ్ కాలంలో వూహాన్ ఆసుపత్రిలో 416 మంది రోగులను పరిశీలిస్తే ట్రోపోనిన్ పెరిగిన 82 మందిలో సగానికి పైగా, అంటే 51 శాతం, చనిపోయారు. పెరగనివారిలో 4.5 శాతమే. 2021 వేసవిలో డీ డైమర్, సీఆర్‌పీ, ఫెరిటిన్ అన్న మాటలు తెలుగు ఊళ్లలోనూ ఇంటింటి మాటలయ్యాయి. వాట్సాప్‌లో రిపోర్టులు పంపుకుని అంకెలు పోల్చుకున్నారు. జ్వరమున్న ప్రతి మనిషికీ ఆ పరీక్షలన్నీ రోజు విడిచి రోజు చేయించిన సందర్భాలకూ కొదవ లేదు. రిపోర్టు చూశాక చికిత్సలో ఏదో ఒకటి మారేలా ఉంటేనే పరీక్షకు అర్థం. ఆ కిటుకు అప్పుడు చాలాచోట్ల మరుగున పడింది.

అంకెను బట్టి వైద్యం

స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 452 మంది ఆయాసం రోగుల్లో సగం మందికి బీఎన్‌పీ చూసి, సగం మందికి చూడకుండా చికిత్స చేశారు. చూసినవారు ఆసుపత్రిలో ఉన్నది మధ్యస్థంగా 8 రోజులు, మిగిలినవారు 11 రోజులు. ఖర్చూ తగ్గింది. నిర్ధారణ త్వరగా తేలితే జరిగే మేలు ఇది.

చికిత్స మోతాదును కూడా అంకెతోనే నడపవచ్చా అన్నది గైడ్ ఇట్ అధ్యయనం వేసుకున్న ప్రశ్న. ఎన్‌టీ ప్రోబీఎన్‌పీని 1,000 లోపుకు దించడమే లక్ష్యంగా సగం మందికి మందులు పెంచారు, మిగతా సగానికి మామూలు పద్ధతిలో మంచి వైద్యం చేశారు. 894 మంది చేరాక, ఇక తేడా కనబడే ఆశ లేదని మధ్యలోనే ఆపేశారు. గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలవడం లేదా గుండె జబ్బుతో చనిపోవడం రెండు పక్షాల్లోనూ 37 శాతమే.

అలాగని సూచికను పక్కన పెట్టనక్కర్లేదని 2022లో స్ట్రాంగ్ హెచ్‌ఎఫ్ చూపింది. 14 దేశాల్లో 1,078 మంది రోగుల్లో సగం మందికి డిశ్చార్జి తర్వాత రెండు వారాల్లోనే మందులను పూర్తి మోతాదుకు తీసుకెళ్లారు. ఒకటి, రెండు, మూడు, ఆరు వారాలకు పిలిచి చూశారు. ఇక్కడ ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ పాత్ర కాపలాదారుది. డిశ్చార్జి నాటికంటే 10 శాతానికి మించి పెరిగితే బీటా బ్లాకర్ పెంచడం ఆపి, నీరు లాగే మందు సంగతి చూడాలి. ఆరు నెలల్లో మరణం లేదా మళ్లీ ఆసుపత్రి పాలవడం 23.3 శాతం నుంచి 15.2 శాతానికి తగ్గింది. అసలు పని చేసింది మందులూ, వెంటవెంటనే చూడటమూను. సూచిక ఆ వేగానికి ధైర్యమిచ్చింది.

భారతదేశంలో

మన దేశపు లెక్కలు చాలావరకు తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ ఇన్‌స్టిట్యూట్ చొరవతో వచ్చినవే. 2013లో ఆ జిల్లాలోని 18 ఆసుపత్రుల్లో చేరిన 1,205 మందిని రిజిస్ట్రీలో నమోదు చేసి ఏళ్ల తరబడి వెంబడించారు. ఆసుపత్రిలోనే 8.5 శాతం మంది చనిపోయారు. అయిదేళ్లకు 59 శాతం మంది లేరు. తర్వాత అదే సంస్థ సమన్వయంతో జరిగిన జాతీయ గుండె వైఫల్య రిజిస్ట్రీలో 53 ఆసుపత్రుల నుంచి 10,851 మంది చేరారు. సగటు వయసు 59.9 ఏళ్లు, మూడు నెలల్లో మరణాలు 14.2 శాతం. అమెరికా అడ్హియర్‌లో సగటు వయసు 72. అంటే మనవాళ్లకు ఈ జబ్బు పుష్కర కాలం ముందే వస్తోంది, సంపాదించే వయసులోనే మంచానికి కట్టేస్తోంది.

ఈ తేడా సూచికలకూ వర్తిస్తుంది. ముప్పు స్కోర్లు చాలావరకు డెబ్బై ఏళ్ల పాశ్చాత్య రోగుల మీద కట్టినవి. అరవై లోపు, గుండెపోటు తర్వాత వైఫల్యంలో పడి, రక్తహీనత కూడా ఉన్న మన రోగికి వాటిని అలాగే అంటగడితే ముప్పును తక్కువగా లెక్కించే ప్రమాదం ఉంది. ఖర్చు మరో సమస్య. ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ ధర యూరియా, క్రియాటినిన్, సోడియం, సీబీపీల కంటే చాలా ఎక్కువ. జిల్లా ఆసుపత్రిలో ఆ చౌక పరీక్షలూ బీపీ మిషనూ ఉంటే అడ్హియర్ పద్ధతిలో ముప్పును లెక్కగట్టడానికి కావలసిన సరంజామా అంతా ఉన్నట్టే. ఖరీదైన పరీక్షను ఆయాసానికి కారణం తేలని రోగికీ, డిశ్చార్జికి ముందు అనుమానం మిగిలిన రోగికీ అట్టిపెట్టుకోవచ్చు.

ముప్పు తెలిశాక చేయాల్సిన పనిలోనే ఇంకా వెనకబాటు కనిపిస్తోంది. జాతీయ రిజిస్ట్రీలో గుండె పంపింగ్ తగ్గిన రోగుల్లో, మార్గదర్శకాలు చెప్పిన మందులన్నీ అందింది సగానికి తక్కువ మందికి, 47.5 శాతానికే.